చేయి ఆడకున్నా పని ఆగలేదు
(రాయవేలూరు నుంచి మాట వినే యంత్రం దాకా)



ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి పంపమని సంపాదకవర్గం వారు కోరారు. పుంగనూరు జమీందారీ గురించి, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను 1972లో కొలువులో చేరి, 2008లో పదవీ విరమణ చేసే దాకా ఫైళ్ళ మధ్య బతికిన గుమాస్తాను. నాకు తెలిసిన పనిముట్లు రెండే. ఒకటి కలం, రెండోది టైపు మిషను. రెండింటికీ చేతులు కావాలి. ఆ చేతులు సరిగా ఆడనివారు చదువుకోవడానికి, ఉద్యోగం చేసుకోవడానికి లోకం ఏయే సాధనాలు కనిపెట్టిందో నాలుగు మాటలు చెబుతాను. ఈ చరిత్రలో మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకూ, దాని ఇరుగుపొరుగుకూ పెద్ద భాగమే ఉంది.

పైగా మన వయసుకు వచ్చాక ఇది పరాయివారి కథ కాదు. ఒకరికి పక్షవాతం, ఒకరికి వణుకు, ఇంకొకరికి కీళ్ళవాతం. సంతకం తేడాగా ఉందని బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడిపోయిన అనుభవం మనలో చాలామందికి ఉన్నదే.

రాయవేలూరు నేర్పిన పాఠం

మన వైపు ఊపిరితిత్తుల జబ్బు అంటే మదనపల్లె పక్కన 1915లో వెలసిన ఆరోగ్యవరం. మిగిలిన పెద్ద రోగాలకు రాయవేలూరు. మదనపల్లెలో బస్సెక్కితే పుంగనూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా పోతాం. కుప్పం వారైతే రైల్లో కాట్పాడిలో దిగుతారు. 1900లో ఐడా స్కడర్ దొరసాని ఒక్క పడకతో మొదలుపెట్టిన ఆ ఆసుపత్రికి 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చారు. ఆయన తల్లిదండ్రులు ఆంగ్లేయ మిషనరీలు. ఆయన పుట్టింది మాత్రం 1914లో, తమిళనాడులోని కొల్లి కొండల్లో.

1947లో ఆయన చెంగల్పట్టులోని కుష్ఠు చికిత్సాలయం చూడబోయారు. అక్కడ ఒక రోగి చేతివేళ్ళు పక్షి గోళ్ళలాగా లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. డాక్టరు గారు తన చేయి అతని చేతిలో పెట్టి గట్టిగా నొక్కమన్నారు. చచ్చుబడిందనుకున్న చేయి నొప్పి పుట్టేంత బలంగా పట్టింది. అంటే చేయి మొత్తం పోలేదు. కొన్ని కండరాలు మాత్రమే పోయాయి, తక్కినవి బాగానే ఉన్నాయి. 1948 నుంచి ఆయన రాయవేలూరులో ఇలాంటి చేతులకు శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు. మోచేతి కింద బాగా పనిచేస్తున్న ఒక కండరపు కొసను తీసి, వేళ్ళకు కలిపి కుట్టి, పోయిన కండరం పని దానిచేత చేయించేవారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఖాళీ అయిన సీటు పని పక్క సీటు వారికి అదనపు బాధ్యతగా అప్పగించడమన్న మాట.

వేళ్ళు నిటారు కాగానే సమస్య తీరలేదు. ఆ జబ్బులో స్పర్శ పోతుంది, నొప్పి తెలియదు. సుత్తి పిడి గట్టిగా పడితే బొబ్బలెక్కినా తెలియదు, పొయ్యి మీది గిన్నె చేయి కాల్చినా తెలియదు. వేళ్ళు ‘రాలిపోవడం’ జబ్బు మహిమ కాదనీ, తెలియకుండా తగిలే దెబ్బల ఫలితమనీ బ్రాండ్ గారు నిరూపించారు. 1951లో ఆసుపత్రి వారి స్థలంలో చిన్న చిన్న కుటీరాలతో ‘నవజీవన నిలయం’ అనే చోటు ఏర్పరచి, చికిత్స పొందినవారికి వడ్రంగం, బొమ్మల తయారీ నేర్పించారు. ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలినా దానికి కారణం వెతికేవారు. రాత్రికి రాత్రి వేలి కొస మాయమైతే కాపలా కాసి చూశారు. నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయని తేలింది. స్పర్శ లేని మనిషికి మెలకువ రాదు కదా. ఆ తర్వాత ఇంటికి వెళ్ళే రోగులకు పిల్లిని కూడా ఇచ్చి పంపేవారు. వినడానికి నవ్వులాటగా ఉన్నా, ఒక పిల్లి వేళ్ళను కాపాడే సాధనమైంది.

అదే రాయవేలూరులో మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ కథ కూడా చెప్పుకోదగినది. 1954లో కారు ప్రమాదంలో ఆమెకు నడుము కింది భాగం చచ్చుబడింది. కాళ్ళు లేకపోతేనేం, చేతులున్నాయి కదా అని బ్రాండ్ గారు ప్రోత్సహించారు. ఆమె చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తర్వాత విదేశాల్లో పునరావాస వైద్యం చదివి వచ్చారు. ఆమె కృషితో 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం ఏర్పడింది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

రాయవేలూరు నేర్పిన పాఠం ఒక్క మాటలో చెప్పాలంటే ఇది. చేతిని బాగుచేయగలిగినంత బాగుచేయాలి. అంతకుమించి కుదరనప్పుడు పనిముట్టునే మార్చాలి. చేయి పనిముట్టుకు లొంగనప్పుడు, పనిముట్టే చేతికి లొంగాలి.

టైపు మిషను ఎవరి కోసం పుట్టింది?

మన తరం వారికి టైపు మిషను అంటే హయ్యర్, లోయర్ పరీక్షలు, కార్బన్ కాగితాలు, స్టెన్సిల్ వాసన. కానీ దాని పుట్టుక వేరు. సుమారు 1808లో ఇటలీలో పెల్లెగ్రినో టుర్రి అనే ఆయన చూపులేని తన స్నేహితురాలు సొంతంగా ఉత్తరాలు రాసుకోవాలని ఒక మీటల యంత్రం చేసిచ్చాడు. యంత్రం మిగల్లేదు కానీ, దాని మీద ఆమె కొట్టిన ఉత్తరాలు మిగిలాయి. ఆఫీసులకు టైపు మిషను వచ్చింది చాలా తర్వాత, 1874లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టినప్పుడు. అంటే అంగవైకల్యం ఉన్న ఒక మనిషి అవసరం ముందు, లోకం అవసరం వెనక. ఈ వరసను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ముందు ముందు మళ్ళీ వస్తుంది.

అయితే ఆఫీసుల్లోకి వచ్చిన మిషను మనిషికి రెండు చేతులు, పది వేళ్ళు ఉన్నాయనే లెక్కతో తయారైంది. పెద్దబడి అక్షరం కావాలంటే ఒక చేత్తో షిఫ్టు నొక్కిపట్టి, ఇంకో చేత్తో మీట కొట్టాలి. మన తెలుగు మిషను మీద ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. గుణింతాలకు, వత్తులకు మాటిమాటికీ షిఫ్టు కావాల్సిందే.

రెండు చేతులూ బొత్తిగా ఆడనివారి మాటేమిటి? ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో మెడ కింద అంతా చచ్చుబడిన రోగులు ఉండేవారు. ఎవరినైనా పిలవాలంటే వారికి ఒక ఈల తప్ప వేరే ఆధారం లేదు. అది గమనించిన రెజ్ మేలింగ్ అనే ఆయన, గొట్టంలోకి ఊదితే, పీలిస్తే పనిచేసే మీటను 1960 నాటికి తయారుచేశారు. ఆ ఊపిరితోనే దీపం వేయవచ్చు, గంట కొట్టవచ్చు, టైపు మిషను కూడా నడపవచ్చు. దానికి ‘పోసమ్’ అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఆ మాటకు ‘నాకు చేతనవును’ అని అర్థం. చేతులు లేనివారి యంత్రానికి మన తెలుగులో ‘చేతనవును’ అనే మాట ఎంత చక్కగా అమరిందో చూడండి.

ఆ మిషనులోనే ఉన్న సాయం

ఇక్కడ మా ఆఫీసు సంగతి ఒకటి చెప్పాలి. ఏ ఆఫీసు, ఏ సంవత్సరం అనేది అప్రస్తుతం. నాతో పనిచేసిన ఒకాయనకు చిన్నతనంలో పోలియో వచ్చి కుడిచేయి భుజం నుంచి వేలాడిపోయింది. ఎడమచేత్తో రాసేవాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. నోట్ ఫైలు ఆయన రాసిందంటే పై అధికారి మారుమాట లేకుండా సంతకం పెట్టేవాడు. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు ‘కార్డ్’ పథకం వచ్చాక మెల్లమెల్లగా అన్ని ఆఫీసుల్లోకీ కంప్యూటర్లు చేరాయి. ఆయన ముందరా ఒకటి పెట్టారు. ఒక్క చేత్తో షిఫ్టు, అక్షరం రెండూ ఎలా నొక్కుతాడు? చిన్న చెక్కముక్కకు గుడ్డ చుట్టి, దాన్ని షిఫ్టు మీద ఆనించి, దాని మీద ఒక సీలు పెట్టి, అక్షరం కొట్టి, మళ్ళీ తీసి, ఇలా తంటాలు పడేవాడు. స్పీడు లేదని ఆయన్ను డిస్పాచి సీటుకు మార్చారు. మంచి నోటు రాయగల మనిషి కవర్లకు జిగురు అంటిస్తూ రిటైరయ్యాడు. ఆయన ఇప్పుడు లేడు.

తర్వాత తెలిసిన విషయం ఏమిటంటే, 1995లో వచ్చిన విండోస్ నాటి నుంచే ఆ కంప్యూటర్లలో దీనికి ఏర్పాటు ఉంది. షిఫ్టు మీటను వరసగా అయిదుసార్లు నొక్కితే చాలు, ‘స్టికీ కీస్’ అనే సదుపాయం తెరుచుకుంటుంది. ఆ తర్వాత షిఫ్టును పట్టుకుని ఉండక్కర్లేదు. ఒకసారి నొక్కి వదిలి, ఆపైన అక్షరం కొడితే సరిపోతుంది. ఒక్క వేలితో కూడా పని నడుస్తుంది. కొనాల్సింది లేదు, అర్జీ పెట్టాల్సింది లేదు. ఆయన బల్ల మీదున్న పెట్టెలోనే ఆ సాయం ఉంది. చెప్పేవారే లేకపోయారు.

ఈ వ్యాసం రాయడానికి ముఖ్య కారణం ఇదే. సాధనం ఉండడం ఒక ఎత్తు, అది ఉన్నదని మనిషికి తెలియడం ఇంకో ఎత్తు. రెండో పనికి పెద్ద చదువులు అక్కర్లేదు. మన బోటి వారు కూడా చేయవచ్చు.

కాటూరు బిడ్డ చేసిన మేలు

చేతులతో పనే లేకుండా మాటతో రాయించే యంత్రం కావాలని లోకం చాలాకాలంగా కలలు కన్నది. ఆ కల నిజం కావడంలో ముందువరసలో నిలిచిన వారిలో మన ఉమ్మడి జిల్లా మనిషి ఒకరున్నారు. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో ఒక రైతు కుటుంబంలో పుట్టిన దబ్బల రాజగోపాల రెడ్డి గారే ఆయన. లోకం రాజ్ రెడ్డి అంటుంది. మద్రాసు గిండీ కళాశాలలో 1958లో సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఆస్ట్రేలియాలో చదివి, అమెరికా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1966లో డాక్టరేటు పొందారు. 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు.

యంత్రం మాటను ఎలా గుర్తుపడుతుందో గుమాస్తాలకు అర్థమయ్యేలా చెబుతాను. అలవాటైన అధికారి డిక్టేషన్ ఇస్తుంటే స్టెనో ప్రతి శబ్దాన్నీ విడివిడిగా వినడు. ‘తమరి దృష్టికి’ అనగానే తర్వాత ‘తీసుకువచ్చుట’ వస్తుందని ఊహిస్తాడు. యంత్రమూ అంతే. వినిపించిన శబ్దాలను ముక్కలు చేసి, ఏ ముక్క తర్వాత ఏది రావడానికి అవకాశం ఎక్కువో లెక్క కట్టి, అన్నిటికంటే కుదిరే వాక్యాన్ని ఎంచుకుంటుంది. రాజ్ రెడ్డి గారి బృందంలో 1976లో తయారైన ‘హార్పీ’ అనే వ్యవస్థ 1,011 ఇంగ్లీషు మాటలను గుర్తుపట్టేది. 1988 ప్రాంతంలో ఆయన శిష్యుడు కై-ఫు లీ చేసిన ‘స్ఫింక్స్’, మాట్లాడే మనిషి ఎవరైనా సరే గుర్తుపట్టగలిగింది. అంతకుముందు ఒక్కొక్కరి గొంతుకూ యంత్రాన్ని విడిగా అలవాటు చేయాల్సి వచ్చేది.

అక్కడే శిక్షణ పొందిన జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు 1982లో ‘డ్రాగన్’ కంపెనీ పెట్టారు. 1990లో వారు అమ్మిన యంత్రభాగం మాట మాటకూ ఆగి ఆగి చెబితే టైపు చేసేది. ధర 9,000 డాలర్లు. అయినా చేతులు ఆడనివారికి అది వరమైంది. 1997లో ఆగకుండా మాట్లాడినా టైపు చేసేది వచ్చింది. రాజ్ రెడ్డి గారికి 1994 సంవత్సరానికి ట్యూరింగ్ పురస్కారం లభించింది. కంప్యూటర్ శాస్త్రంలో దానిని నోబెల్‌తో సమానంగా చెబుతారు. ఆసియా ఖండం నుంచి దానిని అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

టైపు మిషను కథలోని వరస ఇక్కడా కనబడుతుంది. ఆగి ఆగి మాట్లాడుతూ టైపు చేయించే ఓపిక మొదట పట్టింది చేతులు ఆడనివారే. ఇప్పుడు చేతులు బాగున్నవారూ తీరిక లేక ఫోనుతో మాట్లాడి రాయిస్తున్నారు.

తెలుగు విన్న రోజు

ఇంగ్లీషు మాట విన్న యంత్రానికి మన తెలుగు వినిపించడానికి ఇంకా ఇరవై ఏళ్ళు పట్టింది. 2017 ఆగస్టులో గూగుల్ వారు తెలుగుతో సహా మరికొన్ని భారతీయ భాషల్లో మాట్లాడి రాయించే సదుపాయం ఫోన్లలోకి తెచ్చారు. 2022లో కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషల కోసం ‘భాషిణి’ ప్రారంభించింది.

2019లో నాకు స్వల్పంగా పక్షవాతం వచ్చి కుడిచేతి వేళ్ళు పట్టు తప్పాయి. కలం పట్టలేను, ఫోను మీద అక్షరాలు నొక్కబోతే పక్కవి పడతాయి. మా మనవరాలు ఫోనులో చిన్న మైకు బొమ్మ చూపించి, “దీన్ని తాకి మాట్లాడు తాతా” అంది. ఈ వ్యాసం అలా నోటితో చెప్పి రాయించిందే. అయితే అది మన నిమ్మనపల్లె యాసకు ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు. ‘యాడికి’ అంటే ఏదో ప్రకటన అనుకుంటుంది. ‘జమాబందీ’ అంటే రెండు ముక్కలు చేస్తుంది. చుక్కలు, కామాలు మనమే చూసుకోవాలి. పుస్తక భాషలో, నిదానంగా, నాలుగైదు మాటలు కలిపి చెబితే తప్పులు తగ్గుతాయి. ఒక్కొక్క మాటే చెబితే ఎక్కువవుతాయి. కారణం పైన చెప్పిందే, ముందు మాటను బట్టి వెనక మాటను అది ఊహిస్తుంది.

చేతులతో పాటు మాట కూడా స్పష్టంగా లేనివారికి ఇది చాలదు. పుట్టుకతో మెదడు పక్షవాతం ఉన్న పిల్లల్లో కొందరి పరిస్థితి ఇదే. వారికోసం తెర మీద అక్షరాల వరసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటే, కావలసిన చోట ఒకే ఒక్క మీట నొక్కి ఎంచుకునే పద్ధతి ఉంది. ఆ మీటను తలతో, మోకాలితో, చివరికి చెంప కదలికతో కూడా నడపవచ్చు. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ చివరి సంవత్సరాల్లో చెంప కండరంతోనే రాశారు. ఆయన కోసం ఇంటెల్ కంపెనీ రూపొందించిన ప్రోగ్రామును 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చారు.

జి.ఓ. లేనిదే యంత్రం కదలదు

సాధనం ఉన్నా, వాడుకోవడానికి అనుమతి కావాలి. ఈ సంగతి ప్రభుత్వ కొలువు చేసిన మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 1977లో సి, డి తరగతి ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 1995 చట్టం దానికి బలం చేకూర్చింది. 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చి, దానిని 4 శాతం చేసి, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కుష్ఠు నయమైనవారు, మెదడు పక్షవాతం ఉన్నవారు అందులో ఉన్నారు. కొలువులో ఉండగా చేయి పోయిన ఉద్యోగిని తీసివేయకూడదు, హోదా తగ్గించకూడదు. అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి. పోస్టు లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా ఉంచాలి. ఈ రక్షణ రెండు చట్టాల్లోనూ ఉంది. మన పిల్లల్లో ఉద్యోగాలు చేస్తున్నవారికి ఈ సంగతి తప్పక చెప్పండి.

చదువుకునేవారి విషయంలో, పరీక్ష రాయలేని అభ్యర్థికి రాసిపెట్టే సహాయకుణ్ణి ఇవ్వాలనీ, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలనీ 2013లో కేంద్రం మార్గదర్శకాలు జారీచేసింది. కానీ 40 శాతం వైకల్యం లేనిదే సహాయకుడు లేడనే మెలిక ఒకటి ఉండేది. వికాశ్ కుమార్ అనే వైద్య పట్టభద్రుడికి కలం పట్టగానే చేయి కొంకర్లు పోయే జబ్బు. సివిల్ సర్వీసు పరీక్షలో ఆయనకు సహాయకుణ్ణి నిరాకరించారు. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. రాయలేకపోవడం నిజమైతే, 40 శాతం లేదన్న కారణంతో కాదనకూడదని తేల్చింది. ఆ మీదట 2022 ఆగస్టులో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ఇళ్ళలో, మీ వీధుల్లో రాయడానికి కష్టపడే పిల్లలుంటే, ‘మొద్దు’ అని ముద్ర వేయకముందే డాక్టరుకు చూపించి, ధ్రువపత్రం తీసుకుని, పరీక్షకు చాలా ముందుగానే దరఖాస్తు చేయించండి.

మన పింఛనుదార్లకు

చివరగా మనకు నేరుగా పనికివచ్చే రెండు సంగతులు.

ఒకటి, బ్యాంకు. సంతకం చేయలేని వృద్ధులు, రోగులు వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు. చేతి వేలిముద్ర కుదరకపోతే కాలివేలి ముద్ర చెల్లుతుంది. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి అయి ఉండాలి. ముద్ర కూడా వేయలేక, బ్యాంకుకు రాలేని స్థితిలో ఉన్నవారు చెక్కు మీద ఏదో ఒక గుర్తు పెట్టినా, అదే విధంగా ఇద్దరు సాక్షులతో చెల్లుబాటు అవుతుంది. ఇవి రిజర్వు బ్యాంకు ఆదేశాలు. కౌంటరు దగ్గర కుర్రవాడికి తెలియకపోతే కోప్పడకుండా మేనేజరు గారిని అడగండి.

రెండు, జీవన ధ్రువపత్రం. 2014 నవంబరు 10న ‘జీవన్ ప్రమాణ్’ మొదలైనప్పుడు వేలిముద్రే ప్రధాన ఆధారం. పనిచేసి పనిచేసి గీతలు అరిగిపోయిన వేళ్ళను, వంకరపోయిన వేళ్ళను ఆ యంత్రం ఒప్పుకునేది కాదు. బతికున్న మనిషి తాను బతికున్నట్టు రుజువు చేసుకోలేక తిరగాల్సి వచ్చేది. 2021 నవంబరు నుంచి ముఖం చూపించి ఫోనులోనే ధ్రువీకరించే పద్ధతి వచ్చింది. మన సంఘ కార్యాలయంలో ఏటా ఆ రోజుల్లో ఒక యువకుణ్ణి కూర్చోబెట్టి, చేతులు సరిగాలేని సభ్యులకు ఈ సాయం చేయిస్తే బాగుంటుందని కార్యవర్గానికి నా మనవి. మంచం పట్టినవారి ఇంటికే వెళ్ళి చేస్తే ఇంకా పుణ్యం.

రెక్కాడితే గానీ డొక్కాడదని మన పెద్దలు అన్నారు. రెక్క ఆడనివారి డొక్క కూడా ఆడాలని రాయవేలూరు డాక్టర్లు, ఇటలీ టుర్రి, స్టోక్ మాండవిల్ మేలింగ్, మన కాటూరు రాజ్ రెడ్డి గారు పాటుపడ్డారు. వారి శ్రమ మన గడప దాకా వచ్చి ఆగి ఉంది. దాన్ని అవసరమైన మనిషికి చేర్చడానికి పెద్ద ఖర్చు లేదు, ‘ఇలా ఒకటి ఉంది’ అని చెప్పే నోరు ఉంటే చాలు. డిస్పాచి సీటులో ముగిసిపోయిన మంచి గుమాస్తా ఇంకొకరు ఉండకూడదు.

సెలవు.

— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, నిమ్మనపల్లె